వెలుగును చూచి కొనరాదు

“కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి” అను సామెతలోని లోతు పాతవస్తువును కొనబోయినవానికే పూర్తిగా తెలియును. క్రొత్తవస్తువును కొనునపుడు వెల యొక్కటే ప్రశ్న. పాతవస్తువునకు వెలతోపాటు చరిత్ర కూడ నుండును. ఆ చరిత్రలో కొంత అమ్మువానికి తెలియును, కొంత తెలియదు. తెలిసినది కూడ అడిగినగాని చెప్పడు. కొనవచ్చినవాడో, తన కోరికను వెంటబెట్టుకొని వచ్చినవాడు గావున, చెప్పిన మాటనైనను సరిగా వినడు. ఈ యిద్దరి నడుమ వస్తువు మూగగా కూర్చుండి యుండును. దానిచేత నిజము పలికించుట యెట్లు?

కాళిదాసుని మాళవికాగ్నిమిత్ర ప్రస్తావన ప్రసంగవశమున తరగతిలో వచ్చినపుడెల్ల, పాతకొత్తల తగవును విద్యార్థుల ముందుంచి, దేనినైనను పరీక్షించియే గ్రహింపవలెనని చెప్పుచు ఇరువదియైదేండ్లు గడపితిని. ఆ పాఠమే ఒకనాడు నాకు ప్రశ్నపత్రమై యెదురగునని తలపలేదు. ఎదురైనది కావ్యరూపమున గాదు. గిటారు వాయించువారు వాడుకొను ఒక పాత ఆంప్లిఫయరు రూపమున.

మా మేనల్లుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు పాఠశాలలో సైన్సు మాస్టరు. సాయంకాలములు ట్యూషన్లు చెప్పును. ఆదివారములు నలుగురు మిత్రులతో గూడి గిటారు వాయించును. గడచిన వేసవిలో ఒకనాటి రాత్రి ఫోను చేసి యిట్లనెను:

“మామయ్యా, వాల్వుల ఆంప్లిఫయరు ఒకటి అమ్మకానికి వచ్చింది. తొంబైవేలు చెబుతున్నారు. రెండేళ్లు ట్యూషన్లు చెప్పి నేను దాచుకున్నదీ సరిగ్గా అంతే. మీరొచ్చి చూడండి. కొనమంటే కొంటాను, వద్దంటే మానేస్తాను. తాతగారి కొట్లో మీరు చిన్నప్పటినుంచీ చూసినవి ఇవే గదా!”

మా తండ్రిగారు తెనాలిలో రేడియోలు బాగుచేయుచుండెడివారు. నేను పుట్టినది ఆ విద్యలో. పెరిగి స్థిరపడినది వ్యాకరణములో. అయినను రెండేండ్ల కష్టార్జితము నా నోటిమాటపై ఆధారపడి యున్నదని వినగానే, నాకు వాల్వులకంటె ముందు భయము గుర్తుకు వచ్చినది.

ఇచ్చట విద్యార్థులకు ఒక సందేహము రావచ్చును. గదిలో వెదకినను వాల్వు కనబడని యీ కాలములో, వాల్వుల పెట్టెకు తొంబదివేల రూపాయలు ఏల? అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1947 డిసెంబరులో ట్రాన్సిస్టరు పుట్టినది. అటుపిమ్మట రేడియోలు, టెలివిజన్లు, లెక్కలు కట్టు యంత్రములు అన్నియు క్రమముగా వాల్వులను విడిచిపెట్టినవి. విడువనివారిలో ముఖ్యులు గిటారు వాదకులు.

వాల్వు పనిచేయు తీరు మన కృష్ణాడెల్టాలో పుట్టినవారికి సులభముగా తెలియును. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో కాగిన లోహమునుండి ఎలక్ట్రానులు వెడలి, ఎదుటనున్న పలకవైపు ప్రవహించును. నడుమ ఒక జల్లెడవంటి తీగ యుండును. కాలువ తూముపలకను చేతితో కొద్దిగా కదిపినచో ప్రవాహమంతయు హెచ్చుతగ్గులగునట్లు, ఆ జల్లెడపై కొద్దిపాటి విద్యుత్తు మారినచో పెద్దప్రవాహము దానికి తగినట్లు మారును. రెండు భాగముల వాల్వును 1904లో ఫ్లెమింగు, దానిలో మూడవ భాగముగా ఆ జల్లెడను 1906లో డి ఫారెస్టు నిర్మించిరి. విద్యుత్ గిటారులో ఉక్కుతీగ అయస్కాంతముచెంత కంపించినపుడు పుట్టు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. తూముపలకను కదపు చేయి అది. శ్రోత వినునది పెద్ద కాలువను.

సరే, ఆ పని ట్రాన్సిస్టరు కూడ చేయును గదా! మితమైన ధ్వనిలో రెండింటికిని పెద్ద భేదము లేదు. మితము దాటినపుడే భేదము. శక్తికి మించిన తరంగము వచ్చినపుడు సామాన్యమైన ట్రాన్సిస్టరు పెట్టె దాని శిఖరమును కత్తిరించినట్లు తెగవేయును. వాల్వుల పెట్టె మెల్లమెల్లగా ఒరపి గుండ్రముచేయును. మన పద్యనాటకములు విన్నవారికి ఇది క్రొత్త సంగతి కాదు. నటుడు పద్యమును పైస్థాయికి ఎత్తి రాగము తీయునపుడు గొంతులో ఒక జీర పలుకును. లెక్క ప్రకారము అది లోపము; చెవికి అదియే ప్రాణము. గిటారు వాదకులు కోరునది ఆ జీరను.

మరియొక సంగతి నన్ను ఆశ్చర్యపరచినది. మా మేనల్లుడు కొనదలచినది ఫెండర్ సంస్థవారి డీలక్స్ రివర్బ్ అను పెట్టె. ఆ సంస్థను స్థాపించిన లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణములో రేడియోలు బాగుచేయు కొట్టు పెట్టుకొన్నవాడు. ఆ రేడియో పనిలోనుండియే గిటారు పెట్టె పుట్టినది. లండనులో మృదంగజాతి వాద్యముల అంగడి నడపిన జిమ్ మార్షల్ 1962లో తయారుచేయించిన మొదటి పెట్టెకు నమూనా, ఫెండరువారి బాస్‌మన్ అను పెట్టెయే. తెనాలికిని ఫుల్లర్టనుకును ఎంతయో దూరము. కాని రెండుచోట్లను బల్లపై టంకముపొగ వాసన యొక్కటియే.

విద్యుత్తు చేర్చిన తీగవాద్యము మనకు పరాయిది గాదని చెప్పుటకు పాలకొల్లు చాలును. 1969లో అక్కడ పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండొలినుపై కర్ణాటక రాగములను గమకములతో సహా పలికించి, 2014లో కీర్తిశేషులగువరకు ప్రపంచమంతట వినిపించిరి. కావున మేనల్లుని కోరికను వేడుకగా తీసివేయుటకు నాకు మనసు రాలేదు. వాద్యకారునికి ఆంప్లిఫయరు వాద్యములో సగము.

అమ్మువారి యిల్లు కూకట్‌పల్లిలో. ఆయన అమెరికాలో కొంతకాలము ఉద్యోగము చేసి, ఎనిమిదేండ్ల క్రిందట తిరిగివచ్చినవారు. మర్యాదస్థులు. పెట్టెను శుభ్రముగా తుడిచి, హాలు నడుమ నుంచిరి. డీలక్స్ రివర్బ్ 1963లో మొదట వెలువడినది. 1993నుండి ఆ పూర్వరూపముననే మరల తయారగుచున్నది. ఇది ఆ తరువాతి కాలపుది, వయస్సు ఇరువదేండ్లు. తొమ్మిది వాల్వులు, 22 వాట్ల శక్తి, 12 అంగుళముల స్పీకరు. బరువు 19 కిలోల ప్రాంతము. అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, మనకు 230. అందుచేత నడుమ ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టియుండిరి.

మీట వేసిరి. ముందు ఏమియు వినబడలేదు. వాల్వులు కాగుటకు కొంత సేపు పట్టును. పెట్టె వెనుక చీకటిలో ఒక్కొక్క బుడ్డిలో నారింజరంగు వెలుగు చిన్న ప్రమిదవలె మేల్కొనుచుండెను. వెచ్చబడిన ధూళి వాసన వచ్చినది. నలువదియైదేండ్లుగా నేను మరచిన వాసన అది. మేనల్లుడు తీగ మీటినాడు. నాకు గిటారు తెలియదు. కాని ఆ జీర తెలిసినది. ఆతని ముఖము చూచితిని. నాకు “కొనుము” అను మాట నాలుకచివరకు వచ్చినది.

ఆ క్షణమున నన్ను ఆపినది కాళిదాసు గాదు, మా తండ్రిగారు.

1978 ప్రాంతమున, నాకు తొమ్మిదేండ్లప్పుడు, ఒక ప్రాథమిక పాఠశాల పంతులుగారు తాను కొనదలచిన పాతరేడియోను, దాని యజమానిని వెంటబెట్టుకొని మా కొట్టుకు వచ్చినారు. మీట వేయగానే గాజుపలకపై పచ్చని వెలుగు వ్యాపించినది. విజయవాడ కేంద్రము గంటవలె పలికినది. పంతులుగారు మురిసిపోయినారు. మా తండ్రిగారు దానిని ఆర్పి, తీగ ఊడదీసి, వెనుకనున్న ఫ్యూజును బయటకు తీసి ఆయన అరచేతిలో పెట్టినారు. దానిపై రాగితీగ చుట్టియుండెను.

“పంతులుగారూ, ప్రమాదం వస్తే ముందు ఇది మాడి పెట్టెను కాపాడాలి. దీన్ని మాడకుండా చేశారంటే, లోపల ఏది మాడిందో మనకు తెలియదు. వెలుగు చూసి కొనకండి. ముందు ఫ్యూజు చూడండి.”

పంతులుగారు కొనలేదు. రేడియో యజమాని కోపగించి, మరల మా కొట్టు మెట్టెక్కలేదు. ఆ రాత్రి మా అమ్మ “మీ కెందుకు వచ్చిన మాట?” అని అడుగగా, తండ్రిగారు “ఆయన జీతం ఎంతో నాకు తెలుసు” అని మాత్రము అన్నారు.

ఆ మాటతో నాకు తెలివి వచ్చినది. కూకట్‌పల్లి హాలులో నిలుచుండి నేను కొనుచున్నది ఆంప్లిఫయరు గాదు; తెనాలిలోని మా కొట్టు. అదియు నా సొమ్ముతో గాదు.

మీట ఆర్పించి, తీగ గోడనుండి ఊడదీయించి, వెనుకనున్న ఫ్యూజుగూటి మూతను విప్పితిని. కళ్లద్దములు సవరించుకొని, ఫ్యూజు కొసపై చెక్కిన సంఖ్యను చదివితిని. పెట్టె వెనుకపలకపై ఏ సంఖ్యగల ఫ్యూజు వేయవలెనో స్పష్టముగా అచ్చువేసియున్నది. గూటిలోనిది దానికి రెట్టింపు.

“ఇది ఎవరు మార్చారండీ?” అని అడిగితిని.

అమ్మువారు కొంచెము ఆలోచించి, దాచక చెప్పిరి. విదేశమునుండి సామాను వచ్చిన దినమున, దానిని విప్పిన కుఱ్ఱవాడు తెలియక నేరుగా గోడలోని 230 వోల్టులకు తగిలించినాడట. టప్పుమని ఆరిపోయినదట. అంగడివాడు ఒకడు ఫ్యూజు మార్చి, మరల పోకుండునట్లు గట్టిది వేసినానని చెప్పినాడట. “అప్పటినుంచీ బాగానే పనిచేస్తోంది. అందుకే చెప్పాలని తోచలేదండీ” అనిరి. ఆయన మాటలో కపటము లేదు. ఎనిమిదేండ్లలో ఆయనను ఆ ప్రశ్న అడిగినవారు లేరు.

నేను ఆనాడు సొమ్ము చెల్లింపనీయలేదు. మా ఖర్చుపై తెలిసిన మెకానిక్కుచేత పరీక్ష చేయించి, వారము దినములలో మాట చెప్పెదమంటిని. ఆయన అంగీకరించిరి. పరీక్షకు ఒప్పుకొనని యెడల మేము అచ్చటనుండియే సెలవు తీసికొని యుందుము.

కోఠి ప్రాంతమున డెబ్బదేండ్ల పెద్దమనిషి యొకరున్నారు. సినిమాహాళ్లలో వాల్వుల ఆంప్లిఫయర్లు ఉన్న రోజులలో పని నేర్చినవారు. పెట్టె విప్పునపుడు ఆయన ఎడమచేయి చొక్కా జేబులోనికి వెళ్లినది. నా గుండె ఝల్లుమన్నది. మా తండ్రిగారు కూడ అట్లే చేసెడివారు. చిన్నతనమున నేను దానిని దర్జా యనుకొంటిని. రెండుచేతులును తగిలినచో విద్యుత్తు గుండెమీదుగా పోవును గావున ఒక చేతిని దూరముగా నుంచుట ఆ వృత్తివారి నియమము. వాల్వుల పెట్టెలోని కండెన్సర్లు, తీగ ఊడదీసిన తరువాత కూడ, వందలకొలది వోల్టులను పట్టియుంచగలవు. ఇది చదువు విద్యార్థులు ఎట్టి కుతూహలము కలిగినను ఇట్టి పెట్టెను తామై విప్పరాదు.

ఆయన తొమ్మిది వాల్వులను ఊడదీసి ప్రక్కనుంచి, ఏ బరువును లేని ఆ పెట్టెకు మీటరుద్వారా విద్యుత్తు నిచ్చిరి. విశ్రాంతిలో నున్న ట్రాన్స్‌ఫార్మరు స్వల్పమైన విద్యుత్తునే తీసికొనవలెను. ఇది అంతకు మించి త్రాగుచుండెను. అరగంట గడచిన పిమ్మట తీగ ఊడదీసి, ఇనుముపై చేయి వేయుమనిరి. ఒక్క నిమిషమైనను ఉంచలేకపోతిమి. “ఇంకో ఏడాదో, రెండేళ్లో. ఏదో ఒకనాడు కచేరీ మధ్యలో పొగ వస్తుంది. ఇంత పెద్ద ఫ్యూజు అప్పుడు కాపాడదు” అని తీర్పు చెప్పిరి.

తక్కిన విషయములు అంత దిగులుపడదగినవి కావు. స్పీకరుకు శక్తినిచ్చు రెండవ ట్రాన్స్‌ఫార్మరు బాగున్నది. కండెన్సర్లు వయస్సుచేత ఎండినవి, మార్చవలెను. శక్తివాల్వులు రెండును అరిగినవి; అవి దీపపు వత్తులవంటివి, అరుగుటకే పుట్టినవి. పెన్సిలుతో మెల్లగా తట్టగా గణగణమను చిన్నవాల్వు ఒకటి కనబడినది. అదియు మార్చదగినదే.

ఇచ్చట ఒక సూత్రము నాకు బోధపడినది. పాతవస్తువులో అరిగినది దోషము గాదు. అరుగవలసినది అరిగినదా, అరుగరానిది అరిగినదా అనునదే ప్రశ్న. ఎద్దును కొనువాడు అరిగిన నాడాలను చూచి బేరము మానడు; కాలు విరిగినచో మానును.

మార్చదగినవైనను దొరుకవలెను గదా అని అడుగవచ్చును. మన దేశములో 1954లో బెంగుళూరున స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఒకప్పుడు వాల్వులను తయారుచేసినది. ఆనాటి సరకు నేటికిని అక్కడక్కడ చేతులు మారుచున్నది. ఇప్పుడు క్రొత్తవాల్వులు ప్రధానముగా రష్యా, స్లొవేకియా, చైనా దేశములనుండి రావలెను. 2022లో యుక్రెయిన్ యుద్ధము మొదలైన పిమ్మట రష్యా వాల్వుల ఎగుమతికి ఆటంకము కలిగి, వెలలు పెరిగినవి. వాల్వుల పెట్టెను కొనువాడు ఆ దూరదేశపు ఎగుడుదిగుడులను గూడ ఇంటికి తెచ్చుకొనుచున్నాడని యెరుగవలెను. ఏనుగును కొని అంకుశమువద్ద బేరమాడినచో సాగదు.

అటుపిమ్మట మెకానిక్కుగారే ఒక దారి చూపిరి. చెడుచున్న ట్రాన్స్‌ఫార్మరునకు బదులు అట్టిదే 120 వోల్టులది తెప్పింపనేల? 230 వోల్టులకు, మన దేశపు 50 సైకిళ్లకు తగినట్లు చుట్టిన దానినే వేసినచో, స్టెప్‌డౌన్ పెట్టెను మోయు బాధ తప్పును. మరియొకడు తెలియక గోడకు తగిలించునను భయము ఎన్నటికిని ఉండదు. రవాణాతో గూడ ట్రాన్స్‌ఫార్మరుకు ఇరువదిరెండువేలు. కండెన్సర్లకు, కూలికి ఆరువేలు. మొత్తము ఇరువదియెనిమిదివేలు. అరిగిన వాల్వులు మరికొన్ని నెలలు పనిచేయును, తరువాత చూచుకొనవచ్చును.

లెక్క తేలినది. అయినను నేను మేనల్లుని ఒక ప్రశ్న అడిగితిని: “ఎక్కడ వాయిస్తావురా?”

ఇది లెక్కకంటె పెద్ద ప్రశ్న. 22 వాట్లనగా చిన్నసంఖ్యవలె తోచును గాని, డోళ్లతో సమానముగా వినబడు ధ్వని అది. ఆ జీర పలుకవలెనన్న పెట్టెను బిగ్గరగా పలికింపవలెను. అద్దెయింటి గదిలో అట్లు పలికించినచో మొదట ప్రక్కింటివారు, తరువాత ఇంటి యజమాని వత్తురు. ఎన్నడును గొంతెత్తుటకు వీలులేని చోట గాయకుని కూర్చుండబెట్టుట ఆతనికిని మనకును శిక్ష. పైగా నేడు వాల్వుల ధ్వనిని కంప్యూటరు విధానమున అనుకరించు చిన్నపెట్టెలు ఇంతకంటె తక్కువ వెలకు, తక్కువ బరువునకు దొరకుచున్నవి. పేరుగల వాదకులు సైతము వానిని వాడుచున్నారు. వానిని చులకన చేయుట పాతపై మోజే గాని పరీక్ష గాదు.

ఆతడు తడుముకొనక జవాబు చెప్పెను: “ఇంట్లో చెవులకు పెట్టుకొని వాయించుకోడానికి అలాంటిదే ఒకటి ఉంది మామయ్యా. ఇది మేం ఆదివారాలు వాయించే షెడ్డులోనే ఉంటుంది. నెలకు రెండు ప్రోగ్రాములు వస్తున్నాయి. మెల్లగా మీటితే ఒకలా, గట్టిగా మీటితే ఒకలా ఇది నా వేళ్లకు బదులు చెప్పింది. రెండూ విన్నాకనే అడుగుతున్నాను.”

ఆ జవాబులో కోరికతోపాటు విచారణయు నున్నది. ఆ షెడ్డు లేనియెడల నేను వద్దనియే చెప్పియుందును.

మరునాడు మెకానిక్కు చేతివ్రాతతో అమ్మువారివద్దకు వెళ్లితిమి. ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు, కండెన్సర్ల ఖర్చు ఆయనవి. వాల్వుల అరుగుదల మాది అని వివరించితిమి. ఆయన కాగితమును రెండుసార్లు చదివి, “నేను తెలియకుండానే చెడిపోయే వస్తువును అమ్మేవాణ్ణి” అని, అరువదిరెండువేలకు ఒప్పుకొనిరి. మా మేనల్లుని చేతినుండి చివరకు పోయినది ఆ తొంబదివేలే. వెల మారలేదు, కొన్న వస్తువు మారినది.

పాఠకులలో ఎవరైనను ఇట్టి దానిని కొనదలచినచో, నాకు తెలిసిన క్రమము ఇది. ముందు దానికి తగిన చోటు మీవద్ద నున్నదా యని చూడుడు. ఏ దేశపు విద్యుత్తుకు తయారైనదో వెనుకపలకపై చదువుడు. చరిత్రను అడుగుడు, అడుగనిదే ఎవరును చెప్పరు. ఫ్యూజును చూడుడు. కనీసము అరగంట పలికించి, వేడిని, వాసనను, గొణుగుడును గమనింపుడు. తెలిసినవానికి చూపకుండ సొమ్ము చెల్లింపకుడు. వెలుగుచున్న పెట్టె యెదుట నిలుచుండి ఎన్నడును నిర్ణయము చేయకుడు. ఇంటికి వచ్చి, కాగితముపై లెక్క వ్రాసికొని చేయుడు.

మొన్న దసరా సెలవులకు మేనల్లుడు మా యింటికి వచ్చినాడు. పెట్టె ఎట్లున్నదని అడిగితిని. చల్లగా నున్నదనెను. ఇనుముపై చేయి పెట్టి ఎంతసేపైనను ఉంచవచ్చునట. తరువాత జేబులోనుండి ఒక సుద్దముక్కల డబ్బీ తీసి, మూత తెరచి చూపినాడు. లోపల దూదిపై ఆ రెట్టింపు ఫ్యూజు కూర్చుండియున్నది. పదవతరగతిలో విద్యుత్తు పాఠము చెప్పునాడు దానిని, సరియైన ఫ్యూజును ప్రక్కప్రక్కన బల్లపై పెట్టి, ఈ రెండింటిలో ఏది మంచిదని పిల్లలను అడుగుచున్నాడట.

“ఏమంటారు?” అంటిని.

“అందరూ మొదట పెద్దదే అంటారు మామయ్యా. కాసేపు ఆలోచించాక ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు.”

ఆ ఫ్యూజును చేతిలోనికి తీసికొని కొంతసేపు చూచితిని. తిరిగి డబ్బీలో నుంచి, మూత వేసి, భద్రముగా దాచుకొమ్మని ఆతనికి ఇచ్చితిని.